తెరమీది కారుకు పెట్రోలు పొదుపు

నేను చదివింది మూడో తరగతి. మనవలు పుట్టాక కువైట్ వెళ్ళి, సబా అల్ సలేం అనే పేటలో ఒక ఇంట్లో వంటకు కుదిరాను. మనిషి లేని గదిలో లైటు వెలిగితే నాకు ఒళ్ళు మండేది. అక్కడ కరెంటు ఖర్చు ఎవరికీ పట్టదని తెలిసినా ఆర్పుకుంటూ తిరిగేదాన్ని. అలాంటిదానికి దేవుడు అప్పగించిన పని, టీవీలో కార్లు తోలడం.

ఆ ఇంటాయన్ని బాబా అనేవాళ్ళం. యుద్ధంలో సైన్యం బండి నడిపాడు. వెనక బండ్లు హారన్లు కొడుతుండగానే బాంబు పడిందట. ఇన్నేళ్ళయినా హారన్ వింటే చేతులు వణికి, స్టీరింగు ముట్టడమే మానేశాడు. కూతురు కాలేజీలో చేరబోతోంది. మొదటి రోజు తనే దింపాలని ఆయన పట్టుదల. అందుకని ఆయన్ని చూసే డాక్టరమ్మ టీవీలో ఆడే కారు పందెం ఆట ఒకటి ఇచ్చి, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని ఆడమంది. హారన్ల చప్పుడు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలట.

"నువ్వు కూర్చో. నువ్వు దేనికీ బెదరవు," అంది మామా, అంటే ఇంటావిడ.

"అంట్లున్నాయి మామా."

"అంట్లకు కాళ్ళున్నాయా? యల్లా, కానీ!"

ఆట కారు తోలే రిమోట్లు చెరొకటి పట్టుకున్నాం. ప్రార్థన చేయకుండా మా వాళ్ళు బండెక్కరు. తెరమీది బండైతే మాత్రం? కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పందెం కార్లన్నీ వెళ్ళిపోయాయి. పెట్రోలు దండగెందుకని మెల్లగా తోలాను. మలుపులో ఆగి అటూ ఇటూ చూశాను.

"ఇది పందెం! తొక్కు!" అన్నాడు బాబా.

"గుద్దేస్తే బాగుచేయించేదెవరు?"

ఒకరోజు చప్పుడు బాగా పెంచారు. చుట్టు తిరిగొచ్చిన కార్లు నా వెనక చేరి ఒకటే హారన్లు. బాబా చేతిలో రిమోట్ జారిపోయింది. మొహం పాలిపోయింది. నాకేమో ఆ కార్లమీద ఒళ్ళు మండి, లేచి తెరకు వేలు చూపించి మా గోదావరి తెలుగులో అందుకున్నాను:

"ఏవిట్రా నీ తొందర? నీ పెళ్ళాం గానీ నొప్పులు పడతందా?"

బాబా అర్థమడిగాడు. నా వంటింటి అరబ్బీ చాలక పొట్ట పట్టుకుని మూలిగి చూపించాను. ఆయన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. నాకు కోపమొచ్చింది. నవ్వుతూనే రిమోట్ తీసుకున్నాడు. ఆ తర్వాత హారన్ మోగినప్పుడల్లా నావైపు చూసేవాడు. నేను తిట్టేదాన్ని, ఆయన తోలేవాడు. చేపల పులుసుతో కూడా నాకింత పేరు ఎప్పుడూ రాలేదు.

కాలేజీ రోజున నిజం కారులో వెనక సీట్లో నన్నూ కూర్చోబెట్టారు. బాబా తాళం తిప్పకుండా ఆగాడు.

"ప్రార్థన చేయి."

చేశాను. ముందు సీట్లో కూతురు ఆలస్యమవుతోందని సణిగింది. సిగ్నల్ దగ్గర వెనక కారు హారన్ కొట్టింది. బాబా చేతులు స్టీరింగుమీద బిగుసుకున్నాయి. తిడదామంటే నాకు ఒక్క తిట్టూ గుర్తు రాలేదు. ఆయనే అద్దం దించి, తల బయటపెట్టి, వచ్చీరాని తెలుగులో అరిచాడు:

"ఏవిట్రా నీ తొందర!"

కారు కదిలింది, నేను తోలినంత మెల్లగా.

"అంటే ఏమిటి?" అనడిగింది కూతురు.

"మా ప్రార్థనలో చివరి మాట," అన్నాను, ఇప్పుడే ఆమెన్ అన్న నోటితో.