అమ్ఘరాలో మూడో దోశ

దోశ అంటుకుంటోంది. ఈ ప్రయాణానికి కారణం అదే.

మా ఇంట్లో ఒక ఇనుప పెనం ఉంది. ఎనిమిదేళ్ల కింద ఇక్కడే, కువైట్‌లోని అమ్ఘరాలో చేయించింది నా భార్య సరళ. పోయిన జూన్‌లో సరళ చనిపోయింది. ఆ తర్వాత ఇల్లు శుభ్రం చేయాలన్న పట్టుదలతో నేను చేసిన మొదటి పని, ఆ పెనాన్ని సబ్బు వేసి స్టీలు పీచుతో తెల్లగా తోమడం. తోమి, తడిగానే సింకు పక్కన పెట్టి, మూడు నెలలు దాని జోలికి పోలేదు. తుప్పు పట్టింది. తుప్పు వదిలిద్దామని పెద్ద మంట మీద బాగా కాల్చి చన్నీళ్లు పోశాను. నడుమ ఉబ్బింది. ఇప్పుడు నూనె వేస్తే అంచులకు జారిపోతుంది, పిండి వేస్తే నడుమ మాడి అంటుకుపోతుంది. సివిల్ ఇంజనీరింగ్ చదివినవాడు చేయాల్సిన పని కాదు. సాల్మియాలో మా వీధి చివరి దుకాణంలో అంటుకోని పెనాలు వరసగా వేలాడదీసి ఉంటాయి. రోజూ వాటి ముందు నుంచే నడుస్తాను. కొనలేదు.

పెనం వెనక వెల్డింగ్ చుక్కలతో పెట్టిన ‘మ’ అనే అక్షరం ఉంది. చేసినవాడి పేరు మస్తాన్ అని, పాత మిల్లు సందులో ఉంటాడని సరళ చెప్పగా విన్న గుర్తు. ఆ కాస్త వివరంతో ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున ఆరూ నలభైకి పెనాన్ని పాత దుప్పటిలో చుట్టుకుని బయల్దేరాను. బస్సులో వెళ్లాలంటే సిటీలో మారి జహ్రా దాకా పోయి, అక్కడ మళ్లీ టాక్సీ ఎక్కాలి. ఖర్చు దినారున్నర లోపే, కానీ సెలవు రోజు రెండు గంటలు పడుతుంది. నేను నేరుగా టాక్సీ మాట్లాడుకున్నాను, ఆరు దినార్లకు. డ్రైవరు నరసింహులుది రాజంపేట దగ్గర పల్లె. ఒళ్లో మూట చూసి అద్దంలోంచి అడిగాడు.

“పాప గాని ఉందా సార్ దాంట్లో, అంత జాగర్తగా పట్టుకోనుండారు?”

“పెనం.”

“పెన్నమా? దానికి ఆరు దినార్లు పెట్టి టాక్సీనా?”

“దోశ అంటుకుంటోంది.”

“అట్లయితే తప్పదులే” అన్నాడు, నిజంగానే ఒప్పుకున్నట్టు.

ఐదో రింగ్ రోడ్డు మీద సెలవు పొద్దున అడ్డే లేదు. ముప్పై అయిదు నిమిషాల్లో అమ్ఘరా చేరాం. ఈ పేరు చెబితే ఎక్కువమందికి పాత కార్ల తుక్కు, టైల్స్, ప్లైవుడ్ గుర్తొస్తాయి. లోపలి సందుల్లో ఒకప్పుడు ఒక కడ్డీల మిల్లు ఉండేది. తుక్కు కరిగించి ఇళ్ల స్లాబులకు వాడే కడ్డీలు తీసేవారు. చుట్టూ పనివాళ్ల గదులు, మెస్సులు, మంగలి కొట్టు, చిన్న మసీదు. పనివాళ్లలో సగానికి పైగా కడప, రాయచోటి వైపు వాళ్లే. ఈ నాలుగు సందులకు ‘ఉక్కునగరం’ అని విశాఖ నుంచి పేరు ఎత్తుకొచ్చి పెట్టుకున్నారు. ఎనిమిదేళ్ల కింద మిల్లు మూతబడింది. ఇప్పుడు ఆ షెడ్డు టైల్స్ గోదాము. నేలలో పట్టాల ముక్కలు ఇంకా ఉన్నాయి. టాక్సీ వాటి మీద నుంచి పోయినప్పుడు టకటకమంది. వేరే చోట్ల పనికి కుదిరిన పాత మిల్లు మనుషులు శుక్రవారం పొద్దున ఇక్కడికే వస్తారు. వఫ్రా తోటల్లో గ్రీన్‌హౌస్ పైపులు వెల్డింగ్ చేసే ఒకతను అంత దూరం నుంచి వచ్చి, ఒక టీ తాగి, క్షవరం చేయించుకుని వెళ్తానన్నాడు. మంగలి కొట్టు వఫ్రాలో లేదా అంటే ఉందన్నాడు.

గోదాము పక్కనే ఓబులేసు మెస్సు. మిల్లు ఉన్న రోజుల్లో మూడు షిఫ్టులకూ ఆయనే వండేవాడు. ఇప్పటికీ ఆయన గడియారం చూడడు, “బి షిఫ్టుకు రా అన్నం ఉంటాది” అంటాడు. గోడ మీద ఒక అట్టముక్క: ‘ఇక్కడ నాయకుల పేర్లు ఎత్తరాదు. ఎత్తినవారు అందరికీ టీ పోయించవలెను.’ ఎన్నికలప్పుడు రెండు బల్లలు విరిగాక పెట్టిన నియమం అది. అందువల్ల అక్కడ రాజకీయం మొత్తం ‘మీ వాడు’, ‘మా వాడు’, ‘ఆ పెద్దాయన’ల మధ్యే నడుస్తుంది. నేనూ నరసింహులూ వెళ్లేసరికి, మా కడప జిల్లాకు ఏళ్లుగా వస్తుందంటున్న ఉక్కు ఫ్యాక్టరీ మీద పడ్డారు.

“మీ వాడు రాయేసినాడు, మా వాడు రాయేసినాడు” అంటున్నాడు ఓబులేసు, పిండి కలుపుతూ. “ఆ శంకుస్థాపన రాళ్లన్నీ ఒకచోట పేర్చింటే ఈపాటికి కాంపౌండు గోడన్నా లేసుండు.”

“ఉక్కు తీసింది మనమే గదప్పా, ఈ ఇసకలో” అన్నాడు మూలనున్న మనిషి. “రాయీ లేదు, రిబ్బనూ లేదు.”

నరసింహులు ఆవేశపడి ఒక పేరు ఎత్తేశాడు. మెస్సంతా ఒక్కసారి గ్లాసులు బల్ల మీద కొట్టింది. పదకొండు టీలు. నాకూ ఒకటి వచ్చింది.

మూల నుంచి రాయీ రిబ్బనూ అన్న ఆ మనిషే మస్తాన్. రాయచోటి. అరవైకి దగ్గర, ఎడమ చేతికి రెండు వేళ్ల కొసలు లేవు. మిల్లులో ఎర్రగా పాములా దూసుకొచ్చే కడ్డీ కొసను పట్టకారుతో అందుకుని, తిప్పి, వెనక్కి పంపేవాడు. పాములోడు అని పిలిచేవాళ్లట. ఇప్పుడు రేకుల షెడ్డులో గేట్లు, గ్రిల్లులు చేస్తాడు. దుప్పటి విప్పి పెనం చూపించాను. ఆయన అక్షరం చూశాడు, కడ్డీ ముక్కతో చేసిన పిడి తడిమాడు, పెనాన్ని ఒక వేలి మీద వేలాడదీసి గోరుతో కొట్టి విన్నాడు.

“ఇది సరళక్క పెన్నం” అన్నాడు. “మిల్లు మూసిన నెలలో చేసింది. పిడి మా ఆఖరి కడ్డీది. అంచు ఎక్కువుండాదని రెండుసార్లు ఎనక్కి తెచ్చె. రెండుసార్లూ బస్సులో వచ్చె. ఓబులేసా, యాదుండాదా?”

“ఎందుకు లేదు? నా సాంబారులో ఉప్పెక్కువని చెప్పిపోయిన ఆయమ్మే గదా. ఎక్కువే ఆ పొద్దు.”

మస్తాన్ నా వైపు తిరిగాడు. “మీకు చెప్పలేదా సార్?”

“చెప్పే ఉంటుంది. నేను విని ఉండను.”

“అక్క రాలేదే?”

చెప్పాను. ఆయన తల వంచి పెదవుల కింద ఏదో చదువుకున్నాడు. తర్వాత పెనం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. “దీన్ని తోమిందెవరు?”

“నేనే.”

“సబ్బుతోనా?”

“సబ్బుతోనే.”

“చదువుకున్నోళ్లు” అన్నాడు ఓబులేసు వెనక నుంచి, ఎవరితోనో అన్నట్టు.

మస్తాన్ రెండు దారులు చెప్పాడు. గ్రైండర్ పెడితే పది నిమిషాల్లో ఉబ్బూ తుప్పూ పోయి కొత్తదానిలా వస్తుంది. లేదంటే కొలిమి మీద వేడి చేసి కొయ్య సుత్తితో సాపు చేయాలి. కానీ ఒకసారి కాల్చి చల్లార్చిన ప్లేటు; కొడితే చీలవచ్చు. చీలితే అతకదు, తుక్కే. అంచు చుట్టూ రెండు వేళ్ల వెడల్పున నా పీచుకు దొరకని పాత నలుపు ఇంకా మిగిలి ఉంది. గ్రైండర్ పెడితే అదీ పోతుంది.

“కొత్తది వద్దు” అన్నాను.

“చీలితే నన్ననాకండి.”

“అనను.”

కొలిమిలో బొగ్గు రాజుకునేసరికి తొమ్మిదయింది. మెస్సులోని వాళ్లంతా గ్లాసులతో సహా షెడ్డు ముందుకు వచ్చారు. మస్తాన్ పెనాన్ని పట్టకారుతో నిప్పుల మీద తిప్పుతూ దాని రంగు తప్ప ఇంకేం చూడలేదు. నడుమ నేను తోమినచోట తుప్పు మధ్య ఇంకా తెల్లగా మిగిలిన భాగం మొదట గడ్డి రంగుకు తిరిగింది, తర్వాత వంగపండు రంగుకు, ఆ తర్వాత నెమలి మెడ నీలానికి. “మీరు తోమింది దీనికి పనికొచ్చె సార్. నల్లగుంటే రంగు కనపడదు” అన్నాడు. దాగలి దిమ్మ మీద బోర్లించి, ఉబ్బు చుట్టూ గుండ్రంగా, చిన్నచిన్న దెబ్బలు వేశాడు. ఒక దెబ్బకు పెనం వేరే రకంగా మోగింది. ఆయన వంగి చెవి పెట్టాడు, పిడి దగ్గర వేలితో తట్టాడు. “చీలలే. పిడి మాట్లాడతాంది అంతే” అని మళ్లీ మొదలుపెట్టాడు. మొత్తం నాలుగుసార్లు కాల్చి, నాలుగుసార్లు కొట్టాడు. పదిన్నరకు దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూపించాడు. కింద వెలుతురు రాలేదు.

అక్కడి నుంచి మళ్లీ మెస్సులోకి; ఇక పని ఓబులేసుది. సగం కోసిన ఉల్లిగడ్డను చెనిక్కాయ నూనెలో ముంచి, ఉప్పు అద్ది, వేడి పెనం మీద రుద్దాడు. పొగ, మళ్లీ నూనె, మళ్లీ పొగ. తుప్పు ఉల్లిగడ్డకు ఎక్కి ఎర్రబడింది. అలా అయిదు గడ్డలు పోయాయి. నూనె కాగేలోపు నన్ను అడిగాడు, “సరళక్క యా పార్టీనో గాని, ఆ పొద్దు మా మస్తాన్‌ను వాదనలో ఓడగొట్టె. మీరు యా పార్టీ సార్?”

“ఆమెకు ఎదురు పార్టీ. మా ఇంట్లో ఎప్పుడూ ఒకటికి ఒకటి.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు నాదే మెజారిటీ.”

నేనే ముందు నవ్వాను. తర్వాత ఓబులేసు నవ్వాడు, తర్వాత అందరూ.

మొదటి దోశ అంటుకుంది. అట్లకాడతో గీకి ముద్ద చేసి ఓబులేసు చెత్తడబ్బా వైపు తిరిగాడు. ఇవ్వమని పళ్లెం చాపాను. “అది తినేది కాదు సార్” అన్నాడు. సరళ తినేది. పొయ్యి దగ్గర నిలబడే తినేసి, రెండోది నాకు వేసేది. ఇరవై రెండేళ్లలో మొదటి దోశ నా పళ్లెంలో ఎప్పుడూ పడలేదు. అది ఎలా ఉంటుందో నాకు తెలియదు. తిన్నాను. మాడినచోట కరకరలాడింది, నూనె ఎక్కువ పీల్చింది, ఉల్లి వాసన పట్టింది. చాలా బాగుంది. ఇన్నేళ్లూ ఆమెది త్యాగం అనుకున్నాను.

రెండోది సగం వచ్చింది. మూడోదానికి ఓబులేసు అట్లకాడ పక్కన పెట్టాడు. అంచు తనంతట తానే లేచింది. పిడి పట్టుకుని ఒక్క కుదుపు ఇస్తే దోశ పెనం మీద గుండ్రంగా తిరిగింది. మెస్సులో మళ్లీ గ్లాసులు మోగాయి. కూలి ఎంతో చెప్పమంటే మస్తాన్ ఆ దోశ చూపించాడు. దాని మీద ఎర్ర కారం పూసి, పప్పులపొడి చల్లి ఇచ్చారు. నిలబడే తిని, చేతులు కడుక్కుని, పదకొండుంబావుకు నమాజుకు వెళ్లిపోయాడు. వెళ్తూ, “అంచు ఇప్పుడు సరిపోయిందేమో అక్కను... సరేలే, మీరే చెప్పండి” అన్నాడు. సరిపోయిందన్నాను. నరసింహులు ఆరు దోశలు తిన్నాడు. తిరుగు ప్రయాణానికి అయిదు దినార్లే తీసుకున్నాడు. ఒంటి గంటకు ఇంట్లో ఉన్నాను.

కువైట్‌లో పదహారేళ్లుగా ఉంటున్నా, నాకు తెలిసింది సముద్రం వైపు సగమే. ఈ ఊరి స్లాబుల్లో ఎన్ని కడ్డీలు ఆ సందులోంచి వచ్చాయో, వాటిని పట్టకారుతో తిప్పింది ఎవరో, డ్రాయింగులు గీసే నేను ఎప్పుడూ అడగలేదు. సరళ ఒక పెనం అంచు కోసం రెండుసార్లు బస్సులు మారి వెళ్లి, ఆ మనుషులతో వాదించి, ఉప్పు ఎక్కువని చెప్పి వచ్చింది. ఆమె గురించి నాకు తెలియని సంగతులు అయిపోయాయని అనుకున్నాను. ఇంకా ఉన్నాయి. అది నాకు సంతోషంగా ఉంది. శనివారం పొద్దున పిండి రుబ్బి నేనే వేశాను. మూడోది వచ్చింది.

వెళ్లదలచినవాళ్లకు: శుక్రవారం ఏడున్నరలోపు చేరండి, పదకొండు దాటితే కొలిమి ఉండదు. బూట్లు వేసుకోండి, నేలంతా ఇనుప రజను. మెస్సులో ఎవరి పేరూ ఎత్తకండి. పెనం తెచ్చుకున్నాక సబ్బు తగలనివ్వకండి. వేడి మీదే గుడ్డతో తుడిచి, చుక్క నూనె రాసి పెట్టండి. మొదటి దోశ అంటుకుంటుంది. పారేయకండి, పొయ్యి దగ్గరే నిలబడి తినండి.