బ్యాటరీ బండికి కొబ్బరినీళ్లు

పోయిన వారం జాబ్రియాలో, వీసా ఇచ్చి నన్ను ఈ అరబ్బుదేశానికి రప్పించుకున్న మా కఫీల్ ఇంటి దివానియా, అదే మగవాళ్లు కూర్చుని కబుర్లాడుకునే ముందుగది, ఖాళీ చేస్తుంటే అద్దాల బీరువాలోంచి ఆ రెండు పెట్టెల రైలుబొమ్మ బయటపడింది. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, దాన్ని చూడగానే నాకు మళ్లీ కడుపు మండింది. ఆ కఫీల్, మేం పెద్ద బాబా అని పిలిచే ఆయన, పోయి నలభై రోజులైంది. ఆయన కొడుకు దాన్ని నా చేతిలో పెట్టి, ఇది నీ బావమరిదికి ఇవ్వమని నాన్న చెప్పి పోయాడు, షువైఖ్ వెళ్లి ఇచ్చిరా అన్నాడు. ముప్పైయేళ్లు ఆ ఇంటి కారు తోలింది నేను, రైలు మాత్రం బావమరిదికి.

ఇంటికి ఉత్తరం రాసే ఓపిక లేక క్యాసెట్టులో మాటలు నింపి పంపుకున్న నా ఈడువాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో ఒక ఇంట్లో డ్రైవరుగా కుదిరాక ఆ ఇంటి పెద్దాయన మనసులో కాస్త చోటు దొరకడమంటే ఎంత ధీమానో. నాకు ఆ చోటు రైళ్ల వల్ల దొరికింది. రైలన్నదే లేని దేశంలో పుట్టిన మా బాబాకు రైళ్లంటే పిచ్చి, దివానియాలో ఒక గోడ పొడుగునా బల్ల వేయించి దాని మీద పట్టాలు, స్టేషన్లు, సిగ్నళ్లు అమర్చుకున్నాడు. మాది నందలూరనీ, మా నాన్న ఇంజన్లో బొగ్గు వేసేవాడనీ తెలిసిన రోజు నుంచి, ఆయన తర్వాత ఆ బల్ల మీద చెయ్యి వేసే హక్కు నాకే ఉండేది. సొంత మనవలు కూడా దూరంగా నిలబడి చూడాల్సిందే. దానికి నేను లోలోపల ఎంత మురిసిపోయేవాణ్నో.

అలా ఉండగా ఒక చలికాలం ఈ బొమ్మ వచ్చింది. ఎప్పుడో ఏదో చలిదేశంలో, బొగ్గూ నూనే లేకుండా బ్యాటరీల మీదే జనాన్ని మోయగలదా లేదా అని ప్రయోగానికి నడిపిన ప్యాసింజరు బండట, అచ్చు దాని పోలికే. అయితే ఈ బొమ్మ మిగతా వాటిలాగే పట్టాల్లోంచి కరెంటు తీసుకుని నడిచేది, బాబాకు అది నచ్చలేదు. బ్యాటరీ బండి పట్టాల కరెంటు తింటే అది అబద్ధం కాదా అని, దాని కడుపులోనే చిన్న బ్యాటరీ పెట్టించాలన్నాడు. మా ఆవిడ తమ్ముడు షువైఖ్‌లో కార్ల బ్యాటరీల కొట్లో పని చేస్తున్నాడని చెప్పి, కొరివితో తల గోక్కున్నట్టు నేనే అతన్ని ఒక శుక్రవారం పిల్చుకొచ్చాను.

ఏకులా వచ్చి మేకై కూర్చున్నాడు. ప్రతి శుక్రవారం ఇద్దరూ తలకాయలు దగ్గర పెట్టి, భూతద్దం పట్టుకుని సన్నని తీగలకు టంకం పెట్టుకుంటుంటే, నన్ను వేడి రొట్టెలు తెమ్మని పంపేవాడు బాబా. అతనికి టీ తన చేత్తో పోసి, నా కొడుకా అని అరబ్బీలో పిలిచేవాడు. నన్ను ఏనాడూ అలా పిలవలేదు. ఒళ్లు మండిపోయేది.

చివరికి బండి తయారైంది, శుక్రవారం సాయంత్రం నమాజయ్యాక స్నేహితుల ముందు నడిపించాలని బాబా ముచ్చటపడ్డాడు. మనలో కొత్త బండి పూజ లేకుండా కదలదు కదా. కనీసం తొలిపూజ అయినా నా చేత్తో జరగాలని, ఆ మధ్యాహ్నం బాబా మసీదుకు వెళ్లిన సమయం చూసి దివానియాలో దూరాను. అగ్గిపుల్లతో పసుపూ కుంకుమా బొట్లు పెట్టాను. చక్రం కింద నిమ్మకాయ పెడదామంటే కాయ ముందు బండే చిన్నదైపోయింది, గోరంత ముక్కలు కోసి పెట్టాను. పెరట్లో కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు తెచ్చి చిలకరించాను. నిజానికి రెండు చుక్కలు చాలు. నేను దోసిలి నిండా పోశాను, ఎందుకు పోశానో ఇప్పటికీ నన్ను నేను గట్టిగా అడగలేదు. తర్వాత పైపైన తుడిచేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కారు కడుక్కున్నాను.

సాయంత్రం బండి జానెడు దూరం కదిలి ఆగిపోయింది. కప్పులోంచి సన్నగా పొగ. వచ్చినవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు, బాబా ముఖం వాడిపోయింది. బావమరిది కప్పు విప్పి లోపలికి చూసి, ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, నిదానంగా తన వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు.

"నాదే తప్పు బాబా. టంకం సరిగ్గా పడలేదు."

పాపం నిజంగానే అలా అనుకున్నాడనుకుని బతుకుజీవుడా అని ఊపిరి పీల్చుకున్నాను. కానీ జరిగిందేమిటి? ఇంతమంది పనివాళ్లను చూశాను గానీ అడగకముందే నాది తప్పని ఒప్పుకున్నవాణ్ని చూడలేదని, బాబా అతని భుజం తట్టాడు. వారం తిరక్కుండా కొత్త బ్యాటరీ పడింది, బండి నడిచింది, అతను ఆ ఇంటికి మరింత ముద్దయిపోయాడు. నేను నిజం చెప్పలేను, ఆ మెప్పు చూసి ఓర్చుకోనూ లేను. మా ఆవిడ ఫోన్లో తమ్ముడి బాగోగులు అడిగితే ఏళ్ల తరబడి పొడిపొడిగానే చెప్పాను.

ఆ కడుపుమంటతోనే మొన్న షువైఖ్ వెళ్లాను. అతనికీ తల నెరిసింది. రైలును రెండు చేతులా అందుకుని, తిప్పి అడుగుభాగం చూసుకున్నాడు. తర్వాత మెల్లగా నవ్వాడు.

"ఈసారి నిమ్మకాయ తెచ్చినావా బావా?"

ఎప్పటినుంచి తెలుసని అడిగాను.

"ఆ పొద్దే తెలుసు. లోపలంతా కొబ్బరినీళ్ల వాసనే కదా, చక్రానికి నిమ్మకాయ తునక కూడా అతుక్కోనుండె. నీ కొలువు యాడ పోతుందోనని అట్లా చెప్పినా."

ఇప్పుడు దివానియాలో ఆ బల్ల లేదు, గోడంత టీవీ వచ్చింది. వీధిలో బ్యాటరీ కార్లు చప్పుడు లేకుండా పోతున్నా తలెత్తి చూసేవాడు లేడు. తప్పు ఒప్పుకుందామంటే వినడానికి బాబా లేడు. అసూయ మాత్రం నన్ను వదల్లేదు. అప్పుడు అతనికి దొరికిన చోటు చూసి కుళ్లుకున్నాను, ఇప్పుడు ఇన్నేళ్లూ విప్పని అతని నోరు చూసి కుళ్లుకుంటున్నాను.