దడి అవతలి తెరచాప

కాలువలు తవ్వుతున్న రోజుల్లో నాది మట్టం తీసే ఉద్యోగం. నేల ఎక్కడ ఎంత ఎత్తున్నదీ, నీరు ఎటు వాలేదీ, గట్టుకు ఎంత వాలు కావలసినదీ కొలిచి పుస్తకంలో రాయాలి. రెండేళ్లు మద్రాసులో ఉండి నేర్చుకున్న విద్య అది. అర అంగుళం తేడా వస్తే రాత్రి అన్నం సహించేది కాదు. అటువంటి నేను ఒక వేసవిలో వంగమొక్కల విషయంలో చేసిన పొరపాటును ఇక్కడ ఉన్నదున్నట్టుగా రాస్తున్నాను.

రాజోలు దగ్గర మా మామగారి ఊళ్లోనే కాపురం పెట్టాము. ఆయనకు మగపిల్లలు లేరు, కూతుళ్లు ఇద్దరు. పెద్దామె నా భార్య. రెండో ఆమె భర్త, అంటే నా తోడల్లుడు, రేవులో కొబ్బరికాయలను పడవలకు ఎక్కించే పని చూసేవాడు. చదువు లేదు. మనిషి ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. మా రెండు పెరళ్లకూ మధ్య ఉన్నది ఒక తాటాకు దడి మాత్రమే.

కొత్త కాలువ పక్కన మామగారికి అయిదు కుంచాల మెరక, అంటే అరెకరం ఎత్తునేల, ఉన్నది. అంతకుముందు అందులో గడ్డి తప్ప మొలిచేది కాదు. కాలువకు అక్కడ మట్టం తీసినది నేనే. నీరు దానంతటదే ఆ మెరకకు ఎక్కుతుందని మామగారికి మొదట చెప్పినదీ నేనే. నాకంటూ సెంటు భూమి లేదు. ఆ నేల నా చేతికి రావాలని, వస్తుందని, రావడమే న్యాయమని నా మనసులో స్థిరపడిపోయింది.

చైత్రమాసంలో ఒకనాడు భోజనాల దగ్గర మామగారు నన్నూ తోడల్లుణ్నీ చూసి అన్నారు:

"ఏరువాక పున్నమినాటికి నా విస్తట్లో వంకాయ వేసినవాడికి ఆ మెరక సాగుకిచ్చేస్తాను. ఎండాకాలంలో కూర పండించలేనివాడికి కాలువగట్టు నేల ఎందుకయ్యా?"

"ఆయ్, అలాగేనండి మామగారూ," అన్నాడు తోడల్లుడు.

"పెద్దల్లుడుగారు మాట్లాడరేం? నేలని కొలవడం కాదు సుమండీ, పండించడం."

అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. ఆ నవ్వు ముఖం మీద నిలుపుకోవడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

మా ఇసుక నేలల్లో ఎండాకాలపు వంగ బతకడం కష్టం. నారు నాటిన మూడు నాలుగు రోజులు మొక్క మీద అరటిదొప్ప బోర్లించడం అందరికీ అలవాటే. ఆ తరువాత దొప్ప తీసేస్తారు. వైశాఖపు ఎండకు ఆకు అంచులు కాలి, పూత రాలి, మొక్క మోడుగా మిగులుతుంది. అందుకే ఆ నెలల్లో మా ప్రాంతంలో గుమ్మడికాయతోనూ దోసకాయతోనూ కాలం గడిపేవారు.

నేనూ నాటేను, అతడూ నాటేడు. పది రోజులకు నా మొక్కల ఆకులు అప్పడాలయ్యాయి. కాలువపని అప్పుడు ఊరికి దగ్గరలోనే జరుగుతున్నందున మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవాణ్ని. ఒకనాడు చేయి కడుక్కుంటూ దడి సందులోంచి చూశాను. అతని మడి మీద ఒక పాత తెరచాప కట్టి ఉన్నది. గోదావరి గాలికి ఏళ్ల తరబడి చిరిగి, అతుకులు పడి, పలచబడిపోయిన గుడ్డ. దాని కింద ఎండ జల్లెడ పట్టినట్టు దిగుతున్నది. ఆ జల్లెడ ఎండలో అతని వంగమొక్కలు ఏనుగు చెవులంత ఆకులు వేసి నిలబడి ఉన్నాయి.

నాకు కడుపులో మంట రేగింది. దానికి ఇంతకంటె మర్యాదైన మాట నా దగ్గర లేదు. ఎండను కొంత ఆపి కొంత వదిలే గుడ్డ కావాలన్న ఆలోచన నాకు రావలసినది. అతనికి ఎలా వచ్చింది?

భోజనం వడ్డిస్తూ నా భార్య మెల్లగా అన్నది:

"చెల్లిని అడిగితే అన్నీ చెబుతుంది కదండీ. దాని మొక్కలు ఎంత బాగున్నాయో..."

"దడి అవతలి మాట ఇక నా ముందు ఎత్తవద్దు."

"నేనేమన్నానని అంత కోపం?"

"ఎత్తవద్దన్నాను."

ఆమె కూరగిన్నె తీసుకుని లోపలికి పోయింది. చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించే మనిషి.

అడగకుండానే తెలుసుకునే విద్య నా దగ్గర ఉన్నది కదా అనుకున్నాను. ఒక వెదురు కర్రకు అడుగులూ అంగుళాలూ గీసి, భోజనవేళ దడి సందులోంచి అవతలికి పోనిచ్చి కొలతలు తీసుకున్నాను. తూర్పు రాటలు నాలుగున్నర అడుగులు. పడమటి రాటలు మూడడుగుల రెండంగుళాలు. పడమటివైపు గుడ్డ జానెడు కిందికి వేలాడుతున్నది. మొక్కకూ మొక్కకూ మధ్య రెండడుగులు. దడికి ఆనుకున్న కొసను పట్టుకుని అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టాను. ఉద్యోగస్థుడు, ఇద్దరు పిల్లల తండ్రి, దడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని పక్కింటి గుడ్డకు పోగులు లెక్కించడం ఎవరైనా చూసి ఉంటే ఏమనుకునేవారో!

రేవుకు మనిషిని పంపి అదే రకం పాత తెరచాప తెప్పించాను. కొత్త నారు నాటించి, అవే ఎత్తులు, అదే వాలు పెట్టి, పడమట అదే జానెడు గుడ్డ వేలాడదీసి కట్టించాను. గాలికి కదలకుండా ప్రతి రాటకూ రెండు ముళ్లు వేయించాను. అతనిది ఒక్క ముడి. అక్కడ నాదే మెరుగని కొంచెం సంతోషించాను కూడా.

రోజూ చీకటి ఉండగానే పనికి పోయి, చీకటి పడ్డాక వచ్చేవాణ్ని. ఆదివారాలు మా ఇంజనీరు దొరగారి డేరాలో పటాలు గీసే పని ఉండేది. కనుక మడిని నేను చూసేది మధ్యాహ్నాలే. ఇరవై రోజులకు నా మొక్కలు అతని మొక్కల కంటె జానెడు పొడుగు పెరిగాయి. మురిసిపోయాను. కాని కాండం గడ్డిపరకలా సన్నం, ఆకు లేత పసుపు. పొడుగు కొలిచాను గాని లావు కొలవలేదు. పూత వచ్చినది వచ్చినట్టే రాలిపోయింది. జ్యేష్ఠం ప్రవేశించిన నాలుగో రోజున పడమటి గాలి ఒక్కసారి వీస్తే సగం మొక్కలు నడుము విరిగి పడుకున్నాయి.

ఆ మధ్యాహ్నమే తోడల్లుడు మా పెరట్లోకి వచ్చేడు. పడిపోయిన మొక్కలను చూసి నొచ్చుకున్నాడు. నవ్వి ఉంటే బాగుండేది.

"అన్నయ్యగారూ, ఈ తెర ఎప్పుడు తీస్తారండీ?"

"తీయడమెందుకు?"

"అయ్యో, పొద్దుటెండ తగలద్దాండీ మొక్కకి? మేము రెండు జాముల వేళకి కట్టి, పొద్దు వాలేక విప్పేస్తామండీ. ఒక్క ముడే కదండీ, లాగితే ఊడొచ్చేస్తుంది. రాత్రి మంచు కూడా పడాలండీ దానికి."

నేను చూసిన తెర నిజమే. నేను తీసిన కొలతలన్నీ నిజమే. అన్నింటినీ ఒకే వేళలో తీశాను. ఆ ఒక్క ముడిని చూసి నేను నవ్వుకున్నాను కూడా.

అతడు వెళ్లాక నా భార్యను అడిగాను: "సాయంత్రాలు తెర విప్పేస్తారని నీకు తెలుసా?"

"రోజూ చూస్తూనే ఉన్నానండీ. చెల్లే విప్పుతుంది."

"మరి చెప్పలేదేం?"

"మీరు ఎత్తవద్దన్నారు కదండీ."

ఆమె ముఖంలో ఎత్తిపొడుపు ఉన్నదేమోనని వెతికాను. లేదు. ఉంటే దాని మీద కోపగించుకోవచ్చునని నా ఆశ.

మిగిలిన మొక్కలను దక్కించుకోవడానికి గడువు చాలదు. తోడల్లుడు తన మడిలో నుంచి నాలుగు కాయలు కోసి ఇస్తాననీ, మామగారికి నా పేరున పంపమనీ కూడా అన్నాడు. ఆ మంచితనాన్ని భరించడం నాకు ఓటమి కంటె కష్టమయింది. అక్కరలేదన్నాను.

ఏరువాక పున్నమినాడు అందరమూ మామగారింట్లోనే భోజనానికి కూర్చున్నాము. గుత్తివంకాయ కూర వచ్చింది. వేసవిలో ఆ వాసన ఎరుగని ఇల్లంతా ఒక్కసారి లేచి కూర్చున్నట్టయింది. మామగారు ఒక కాయ తిని, రెండోది వేయించుకుని, ఎడమచేత్తో మీసం సవరించుకున్నారు.

"చిన్నల్లుడుగారూ, రేపే నాగలి కట్టండి. మెరక మీదే."

"ఆయ్," అన్నాడు అతడు తల వంచుకుని. తరువాత నా వైపు తిరిగి, "అన్నయ్యగారు మట్టం తీయబట్టే కదండీ ఆ నేలకి నీళ్లొచ్చేయి," అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. ఏదో ఒకటి అనవలసిన సమయం. నా విస్తట్లో కాయ వెన్నలా విరిగి ఉన్నది. ఆ యేడు నేను తిన్నవాటిలో అంత మంచి కూర లేదు.

"కాయ కొంచెం ముదిరింది. గింజ తగులుతున్నది," అన్నాను.

"అవునాండీ?" అన్నాడు తోడల్లుడు కంగారుగా. "రెండో కోత లేతగా కోయించి పంపుతానండీ."

మామగారు ఇంకొక కాయ వేయించుకుని, విస్తరి అంచున పెట్టి, బొటనవేలితో నిలువునా విప్పి లోపల చూశారు. ఆ తెల్లని గుజ్జులో ఎక్కడా ఒక్క గింజ లేదు. ఆయన దానిని అలాగే విప్పి ఉంచి, నా భార్యను పిలిచి మజ్జిగ పోయమన్నారు.