హిందూపురం దాకానే వీసా

మా కోడలు పెట్టే చారు మూడు రోజులుగా చిలుము వాసన కొడుతోంది. గిన్నె మార్చమంటే, "నీ నాలుకకే చిలుము పట్టింది మామా" అంటుంది. ఆ గిన్నెకు కళాయి పోసే మనిషి, మా పక్కింటి సాయిబు మామ, మొన్న పోయాడు. నాకు మనవళ్లు పుట్టినా ఆయనకు మాత్రం నేను కడదాకా అల్లుణ్ణే.

వీధిలో గుంత తీసి, తోలుతిత్తి ఊదుతూ కూర్చునేవాడు. ఆడవాళ్లు మాడిన గిన్నెలు తెచ్చి సిగ్గుపడితే, "నల్లబడిందనొద్దమ్మా, బాగా వండినామను" అనేవాడు. "నీ కళాయి కంటే నీ గడ్డమే తెల్లగా ఉండాది మామా" అని నేను ఏడిపిస్తే, "నీ బుద్ధికి కళాయి పోయాలంటే తగరం చాలదల్లుడా" అనేవాడు.

ఆయన ఒక్కగానొక్క కొడుకు, దేశం రెండు కాకముందే పనికని కరాచీ పోయాడు. తర్వాత దారి మూసేశారు. మామ మైసూరు వైపు గుట్ట చూపించి, "మన మేకలు పొద్దున ఆ రాజ్యంలో మేసి సాయంత్రం ఈడ పాలిస్తాయి. వాటినెవరూ అడగరు. నా కొడుకునే అడుగుతారు" అనేవాడు.

ఎన్నో ఏళ్లకు ఒక కార్డు వచ్చింది. నాలుగో తరగతి చదువుకున్న నేనే చదివి వినిపించాను. "హిందూపురంలో అత్త ఇంట్లో ఉండాను. వీసాలో ఆ ఊరు ఒక్కటే రాసినారు. దాటితే జైలు. శుక్రవారం మధ్యాన్నం రైలుకు పోవాల. నువ్వే రా." ఆ కార్డు మాకు చేరింది గురువారం.

కొడుకు చిన్నప్పుడు నీళ్లు తాగిన ఇత్తడి చెంబుకు మామ ఆ సాయంత్రమే కళాయి పోశాడు. "వాడు ఆడ నీళ్లు తాగినప్పుడల్లా మన ఊరు నోటికి తగలాల" అన్నాడు.

పొద్దున బస్సు వేళకు చెంబు కనపడలేదు. మామ ఇల్లంతా దేవులాడాడు. డ్రైవరు టీ తాగేదాకా రోజూ నిలబడే బస్సు ఆ రోజు నిలబడలేదు. ఇంకో బస్సు సాయంత్రానికి గానీ లేదు. ఎండలో నడిచే పోయాడు. స్టేషను చేరేసరికి ప్లాట్‌ఫారం మీద ఆయన చెల్లెలు ఒక్కతే కూర్చుని ఉందట.

మర్నాడు చెంబు ఆయన గడప పక్కనే దొరికింది. "ఈడే ఉండాది చూడల్లుడా. నా ముసలి కండ్లకు ఆనలేదు" అన్నాడు. "వయసు మామా" అన్నాను.

కొడుక్కి మళ్లీ వీసా ఇవ్వలేదు. మామ తన కళ్లను తిట్టుకుంటూనే బతికాడు.

ఆయన కళ్లది ఏ తప్పూ లేదు. చెంబును గడ్డివాములో దాచింది నేను. బస్సు ఎక్కేముందు చేతిలో పెట్టి నవ్వుదామనుకున్నాను. వాములోంచి తీసి పరిగెత్తుకొచ్చేసరికి రోడ్డంతా దుమ్ము, ఆ దుమ్ములో రెండు చేతులూ ఊపుతూ మామ. నేను చెంబును పంచె కింద దాచుకున్నాను.