లైట్లు ఆర్పి లెన్సు అమ్మే ఆయన

తెనాలిలో కెమెరాలమ్మే పెద్దాయన ఒకరుండేవారు. లెన్సు కోసం ఎవరు వెళ్లినా ఆయన ముందు అడిగేది ఒకటే: "ఎవర్ని తీస్తారండి?"

డిజిటల్ కెమెరాలు కొత్తగా వస్తున్న రోజులవి. నా దగ్గర ఒక్క లెన్సుకే డబ్బులున్నాయి. బాపట్ల తీరంలో పక్షుల్ని తీయాలని, పొడుగాటి జూమ్ లెన్సు కోసం రేపల్లెలో రైలెక్కి వెళ్లాను.

"పక్షుల సంగతి సరే. ఇంట్లో ఎవర్ని తీస్తారండి?"

నాకు ఒళ్లు మండింది. "పేరాలలో మా అమ్మమ్మని. మగ్గం నేస్తుంది."

ఆయన లేచి షట్టరు సగం దించి, లైట్లన్నీ ఆర్పేశారు. "మగ్గం గదిలో ఇంతకన్నా వెలుగుంటుందేంటి? తియ్యండి నన్ను."

జూమ్‌తో తీస్తే ఆయన మొహం అలుక్కుపోయింది. జూమ్ లేని పొట్టి లెన్సుతో తీస్తే మీసంలో నెరిసిన వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించాయి. ధర చూస్తే జూమ్ ధరలో సగం కూడా లేదు.

"ముందు ఇది తీసుకెళ్లండి. పక్షులు ఎక్కడికీ పోవు."

ఆ వారమే పేరాల వెళ్లి అమ్మమ్మని మగ్గం మీద తీశాను. చూపు మందగించి ఆ ఏడాదే ఆవిడ నేత మానేసింది. బాపట్లకి పక్షులు ఏటా వస్తూనే ఉన్నాయి.