నిమ్మకాయ మీద ఒక గీత

మా పెద్ద కొడుకు పోయిండని టెలిగ్రాం వచ్చినప్పుడు నేను బొమ్మలకు పూసే సుద్ద నూరుతున్న. పోస్టు అతను అరుగు కాడనే నిలవడ్డడు, లోపలికి రాలే. మా ఇంటాయనను పిలిచి, ఇంగ్లీషుల ఉన్నదాన్ని మెల్లగ తెలుగుల చెప్పిండు. కొండ తొవ్వల మిలిట్రీ లారీ లోయల పడ్డదంట. సిపాయి అని, మావోని పేరు చెప్పి, ఇగ లేడన్నడు. చేతులు కడుక్కోవాలె అనుకున్న. కడుక్కోలే. ఆ సుద్ద ఎండి, పగిలి, రాలిపోయేదాక గట్లనే కూసున్న.

చదివేటోళ్లకు ముందే చెప్తున్న, నాకు రాత అంతగ రాదు. నాకు అక్షరాలు నేర్పిందే మా పెద్దోడు. బడి నుంచి వచ్చి పలక నా ఒళ్లె పెట్టి, పంతులు లెక్క బెత్తం పట్టుకొని కూసునేటోడు. తప్పు రాస్తె, "అవ్వా, జర సబర్ చెయ్యి, చెయ్యి ఉరుకుతున్నది" అనేటోడు. గా మాట ఇప్పుడు గూడ చెవులల్ల ఉన్నది. గందుకే జర ఆగి ఆగి రాస్తున్న.

మాది నిర్మల్. మా ఇంట్ల తాతల కాలం నుంచి కట్టె బొమ్మల పనే. పొనికి కట్టె చెక్కి, చింతగింజల అంబలితోని అతికి, సుద్ద పూసి, ఆరినంక రంగులేస్తం. ఎనకట హైదరాబాదుల నవాబులు, జాగీర్దార్లు పండ్ల బుట్టలు, కూరగాయల బుట్టలు చెప్పి చేయించుకునేటోళ్లు. జాగీర్లు పోయినంక కొనేటోళ్లు గూడ పోయిండ్రు. చేసిన బొమ్మలు అటక మీదనే ఉంటుండె. మా పెద్దోనికి చెయ్యి మంచిది. వాడు రంగేసిన నిమ్మకాయ పక్కన అసలు నిమ్మకాయ పెడితె నేనే ఏమరపాటుల కట్టెదాన్ని కొయ్యవోయిన.

గప్పుడే ఫౌజుల భర్తీ చేసుకునేటోళ్లు వచ్చిండ్రు. బడి ముందట ఎండల పిలగాండ్లను లాగులతోని నిలవెట్టి, ఎత్తు సూసి, ఛాతీ కొలిచి, పండ్లు సూసిండ్రు. సంతల ఎడ్లకు సూసినట్టు సూసిండ్రని మా ఇంటాయన కోపం చేసిండు. పెద్దోడు నవ్విండు. "ఎడ్లను అడిగి కొంటరా బాపు? నన్నయితె అడిగిండ్రు, వస్తవా అని. వస్తనన్న."

అడిగిండ్రంట. నాకు ఇప్పటికీ గా మాట మింగుడుపడది. పని లేని ఇంటి పిలగాన్ని వస్తవా అని అడుగుడు ఏం అడుగుడు? ఆ ఎండల నిలవడ్డోళ్లంత మా అసుంటి ఇండ్ల పిలగాండ్లే, సాలెవాళ్ల పిలగాండ్లే, బోథ్ దిక్కు నుంచి వచ్చిన చిన్న రైతుల పిలగాండ్లే. పట్వారి కొడుకు గదే బడి అరుగు మీద కూసొని పల్లీలు తినుకుంట తమాషా సూసిండు.

మొదటిసారి సుట్టీ మీద వచ్చినప్పుడు వాడు మారిండు. దుప్పటిని ఇటుక లెక్క మడత పెట్టేటోడు. అన్నం గబగబ తినేటోడు. "నిమ్మలంగ తిను బిడ్డా" అంటె, "లంగర్ల నిమ్మలంగ తింటె ఎనకోడు నూకుతడు" అనేటోడు. లంగర్ అంటె వాళ్ల వంటిల్లంట.

నీ పైన ఎవలు, వాళ్ల పైన ఎవలు అని నేను ఒకటే తీరుగ అడుగుతుంటె, అటక మీది బుట్ట దించిండు. కట్టె కాయలన్ని చాప మీద వరుసగ పెట్టిండు. "సూడు అవ్వా. నిమ్మకాయ, అంటె సిపాయి, నేను. జామకాయ లాన్సునాయక్, చేతి మీద ఒక గీత. సీతాఫలం నాయక్, రెండు గీతలు. వంకాయ హవల్దారు, మూడు. మామిడికాయ సుబేదారు, వానికి భుజం మీద చుక్క. ఇగ దానిమ్మకాడికెళ్లి అఫ్సర్లు. కొసాకరికి కొబ్బరికాయ, జర్నైలు."

"ఒక నిమ్మకాయ కొబ్బరికాయ అయితద?" అని అడిగిన.

"రంగేస్తె అయితది" అని నవ్విండు. "ఫౌజుల గా రంగు దొరకది అవ్వా. నిమ్మకాయ మంచిగుంటె వంకాయ అయితది. మా పుణ్యం ఉంటె మామిడికాయ."

కడపటిసారి వచ్చినప్పుడు వాని చేతి మీద తెల్ల గీత ఉండె. జొన్న ఆకును నడుమ మడిచినట్టు, కిందికి మొన. నాకు ఎంత సంబరమయిందో. "జామకాయవైతివా బిడ్డా!" అన్న.

"ఇంక కాలే. కాయ నిమ్మకాయే, మీద గీత పెట్టిండ్రు. పని లాన్సునాయక్‌ది. పైనుంచి ఆర్డరు రావాలె, అప్పుడు జామకాయ."

"మరి ఆర్డరు రాకముందే పని ఎందుకు చేయిస్తరు?"

"పని ఆగది గద" అన్నడు.

గా సుట్టీలనే రష్యా ముచ్చట చెప్పిండు. వాళ్ల పల్టన్‌కు రష్యా బండ్లు వచ్చినయంట. నడుపుడు నేర్పనీకి గా దేశపు సార్జెంటు ఒకడు వచ్చిండంట. నడుమ ఒకడు గాయన మాటను హిందీల చెప్తుంటె, మావోడు అడిగిండంట, మీ దగ్గర సిపాయి ఎట్లయితరని. ఈడు రాంగనే పిలుపు వస్తదంట, ఒళ్లు బాగున్న ప్రతి పిలగాడు పోవాలెనంట, తలకాయ గొరిగి మూడేండ్లు ఉంచుకొని ఇంటికి పంపుతరంట. వాళ్లకు గీతలు చేతి మీద కాదంట, భుజం పట్టీ మీద అడ్డంగ ఉంటయంట. ఉత్త సిపాయి భుజం మాత్రం మనోళ్ల లెక్కనే ఉత్తదంట.

"వాళ్ల అవ్వలను అడుగుతరా?" అన్న నేను.

"ఎవల్నీ అడగరు. చట్టం."

"అయితె గదే నయం. పట్వారి కొడుకు గూడ పోతుండె."

వాడు నవ్విండు. "నేను గూడ గదే అన్ననవ్వా. గా సార్జెంటు మెల్లగ అన్నడు, పెద్ద సదువుల ఉన్నోళ్లకు కొందరికి ఆగుమని చెప్తరంట. పట్వారి కొడుకులు అక్కడ గూడ ఉన్నట్టున్నరు."

ఇద్దరం కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వినం. గది వాని నవ్వు నేను కడపటిసారి ఇనుడు.

దినాలు అయినంక వాని బట్టల పెట్టె పట్టుకొని ఒకాయన వచ్చిండు. చేతి మీద మూడు గీతలు. నా నోట్లె నుంచి "వంకాయ వచ్చిండు" అని వచ్చింది. మా ఇంటాయన నవ్వవోయి ఏడ్చిండు. గా హవల్దారు కోస్తా దిక్కాయన. ముచ్చట సమజ్ చేసుకొని, "నన్ను వంకాయ అని వాడు చాటుగా పిలుస్తాడని తెలుసమ్మా" అన్నడు. "వాడి చేతి మీద గీత కుట్టింది నేనే. రాత్రీ పగలూ ఆ పని చేశాడు. ఆర్డరు రాకుండానే పోయాడు. అందుకే కాగితాల్లో సిపాయి అని పడింది."

బడి గోడకు వాని పేరుతోని రాతిపలక పెడ్తమని ఊరి పెద్దమనుషులు వచ్చిండ్రు. దాని మీద సిపాయి అని చెక్కిచ్చిండ్రు. నేను పంచాయతికి పోయిన. "గీత ఉండె అయ్యా వానికి. లాన్సునాయక్ అని రాయుండ్రి" అన్న. పెద్దమనిషి కుర్చీల వెనుకకు ఒరిగి, "సర్కారు ఏం రాస్తె గదే. సచ్చిపోయినోనికి గంత చిన్న గీతకు ఏం ఫికరు అవ్వా?" అన్నడు. పక్కనున్నోడు, "లారీ పడి పోయిండు, లడాయిల కాదు గద, పలక పెట్టుడే ఎక్కువ" అని మెల్లగ అన్నడు. నాకు ఇనపడ్డది.

"పలక పెట్టేనాడు మీ కుర్చీ రెండో వరుసల ఏస్తం. కూసుంటరా?" అన్న.

పలక గట్లనే పెట్టిండ్రు. పెద్దమనిషి ముందు వరుసలనే కూసున్నడు. మెడల దండ గూడ ఆయనకే ఏసిండ్రు. నేను పోలే.

ఆనాడు నేను బుట్ట దించిన. వాడు రంగేసిన నిమ్మకాయ తీసుకున్న. పసుపుపచ్చ కాయ మీద తెల్ల గీత కనపడది, గందుకు ముందు ఫౌజు బట్ట రంగుల చిన్న పట్టీ ఏసిన. అది ఆరేదాక ఆగిన. చెయ్యి ఉరికింది. జర సబర్ చెయ్యి అనుకొని, సన్న కుంచెతోని గీసిన, జొన్న ఆకు మడిచినట్టు, కిందికి మొన.

నిన్న ఒక బేరం వచ్చింది. ఎవలో పెద్దింటామె కారుల వచ్చి, బుట్ట మొత్తం కొంటనన్నది. ఒక్కొక్క కాయ తీసి సూసుకుంట, "గీ నిమ్మకాయ మీద ఏదో పడ్డది, తుడిచి ఇయ్యు" అన్నది. నేను ఆమె చేతులకెళ్లి తీసుకున్న. మిగిలిన కాయలు కట్టి ఇచ్చిన, కొబ్బరికాయతోని సహా.

ఇప్పుడు అటక మీద ఒక్క నిమ్మకాయ ఉన్నది. పైన ఎవ్వలు లేరు.