కొంగు దోపుకున్న గీతల బొమ్మ

కిందటేడాది, నూజివీడు తోటల్లో మామిడి పూత మీదున్న రోజులు. బస్టాండుకు దగ్గర్లో నాది ఒంటి గది ఫిజియోథెరపీ క్లినిక్. చాలా ఏళ్ళుగా ఇదే పని. మా ప్రాంతంలో భుజాలూ నడుములూ ఎందుకు పాడవుతాయో పెద్దగా వెతకక్కర్లేదు. కాయ కొయ్యడం, ట్రేలు మొయ్యడం, మందు కొట్టడం, అన్నీ వాటి మీదే పడతాయి. నొప్పి ఉన్నన్నాళ్ళు వస్తారు, కాస్త తేలిక పడగానే మానేస్తారు. వాళ్ళ మీద అరిచి అరిచి నా గొంతు పోయింది గానీ ఎవరూ మారలేదు.

అందుకే ఫోను కెమెరాతో మోషన్ ట్రాకింగ్ చేసే యాప్ దొరికితే ఎగిరి గంతేశాను. ఇంట్లో ఫోను ఎదురుగా పెట్టుకుని ఎక్సర్‌సైజ్ చేస్తే చాలు. భుజం, మోచెయ్యి, నడుము ఎక్కడున్నాయో కెమెరా గుర్తుపట్టి, చుక్కలు పెట్టి గీతలు కలుపుతుంది. చెయ్యి సరిగ్గా లేస్తే పచ్చ గీత, లేవకపోతే ఎర్ర గీత. "ఇంకొంచెం పైకి" అని తెలుగులో చెబుతుంది కూడా. వీడియో అంటే ఆడవాళ్ళు ఒప్పుకోరు కాబట్టి, మనిషి కనపడకుండా సెట్టింగ్ పెట్టాను. నాకు వచ్చేది కదిలే గీతల బొమ్మ, రోజురోజుకీ ఎంత మెరుగైందో చూపించే గ్రాఫ్, అంతే.

ఆ రోజుల్లోనే నాంచారమ్మ తన భర్త కోటయ్య గారిని తీసుకొచ్చింది. ముసునూరు పక్కన వాళ్ళ ఊరు. కోటయ్య గారు కాయ కోసే ముఠాకి మేస్త్రి. పూతకి పట్టిన తేనెమంచు పురుగుకి మందు కొడుతూ ట్రాక్టరు ట్యాంకు మీంచి జారి, కుడి భుజం మీద పడ్డారు. ఎముక చిట్లింది. ఆపరేషన్ లేకుండానే అతుక్కుంది గానీ, కట్టు విప్పేసరికి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ ఎత్తుకి కూడా రావడం లేదు. కోతలు మొదలయ్యేలోగా కాయని దింపే వల చిక్కం కట్టిన గడని తలపైకి ఎత్తలేకపోతే, ముఠా ఇంకొకరి చేతికి పోతుంది.

"ఎత్తగలనా మేడం?" అని ఒక్క మాటే అడిగారు.

"రోజూ చేస్తే ఎత్తుతారు. నేను మిమ్మల్ని వదలను, మీరు దీన్ని వదలొద్దు."

రోజూ బస్సెక్కి రావడం కుదరదన్నారు. నాంచారమ్మ ఫోన్లో యాప్ వేసి, ఎక్కడ నిలబడాలో, చెయ్యి ఎలా ఎత్తాలో ఇద్దరికీ చూపించి పంపాను.

మర్నాటి నుంచే బొమ్మలు రావడం మొదలైంది. మొదట చెయ్యి భుజం ఎత్తుకి వచ్చి ఆగింది. తర్వాత చెవి దాకా. ఆ తర్వాత మెల్లగా తలపైకి. ఒక్కరోజు మానలేదు. నా సంబరం అంతా ఇంతా కాదు. ఎగ్గొట్టే పేషెంట్లందరికీ ఆ గ్రాఫ్ చూపించి, "మేస్త్రి గారిని చూసి సిగ్గుపడండి" అని దెప్పాను కూడా.

నెల దాటాక చెకప్‌కి వచ్చారు. గోనియోమీటర్ పెట్టాను. కీలు ఎంత కదులుతుందో కొలిచే స్కేలు అది. చెయ్యి మొదటిరోజు ఎక్కడుందో దాదాపు అక్కడే ఉంది.

"ఇంట్లో లేచే చెయ్యి ఇక్కడెందుకు లేవదండీ?" అన్నాను.

కోటయ్య గారు ఫ్యాను వంక చూశారు. నాంచారమ్మ అందుకుంది. "బస్సు కుదుపులకి పట్టేసుంటుందండీ."

వాళ్ళు వెళ్ళాక పాత బొమ్మలన్నీ మళ్ళీ వేసి చూశాను. గీతల మనిషి కెమెరా ముందుకొస్తాడు, నిలబడతాడు. కుడి చెయ్యి వెనక్కెళ్ళి, దేన్నో ముందుకి లాక్కొచ్చి, ఎడం పక్క నడుము దగ్గర దోపుతుంది. ఆ తర్వాతే ఎక్సర్‌సైజ్ మొదలు. ఏ రోజు బొమ్మ చూసినా అదే. నేనూ చీర కట్టుకునేదాన్నేగా, కొంగు దోపుకోవడం నాకు తెలీదా! ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున్నే స్కూటీ తీశాను.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు పంచలో మామిడి ట్రేకి ఫోను ఆనించి ఉంది. దాని ముందు నాంచారమ్మ కొంగు బిగించి చెయ్యి ఎత్తుతోంది. కోటయ్య గారు మంచం మీద కూర్చుని టీ తాగుతున్నారు.

"చెయ్యి ఎవరిది విరిగిందండీ?" అని గట్టిగానే అడిగాను.

నాంచారమ్మ నాలిక కరుచుకుంది. "ఆయన మొక్కుకుంటే తీర్చేది నేనేనండీ. ఆయనకి ఏలినాటి శని అంటే శనివారాలు ఉపవాసం ఉన్నదీ నేనే. ఇదీ అంతేలే అనుకున్నా. రోజూ ఎర్ర గీతలే వెళ్తే మీరు విసుగొచ్చి వదిలేస్తారని భయమేసిందండీ."

మొక్కులూ ఉపవాసాలూ ఒకరి పేరున ఇంకొకరు చేస్తారు. కీలు దగ్గర ఆ వెసులుబాటు లేదని ఈవిడకి ఎలా చెప్పను?

కోటయ్య గారు టీ గ్లాసు కింద పెట్టారు. "ఇంకా పైకి, ఇంకా పైకి అని పాతికమందిని అరిచినోణ్ణి మేడం. ఇప్పుడా మాట ఫోను నాతో అంటంటే, దారినపోయేవాళ్ళు నవ్వుతున్నారు. అయినా నెప్పి తట్టుకోలేకపోతున్నా."

"నవ్వనివ్వండి. ఇంకో నెల ఇలాగే కూర్చుంటే భుజం పూర్తిగా బిగిసిపోతుంది. అప్పుడు మత్తిచ్చి వంచాల్సి వస్తుంది. ముఠా కావాలా, పరువు కావాలా?"

ఆయన లేచొచ్చి ఫోను ముందు నిలబడ్డారు.

ఫోను గొంతు ఆపేశాను. మంచాన్ని గోడ వైపుకి తిప్పి, ఫోనుని వీధిలోకి కనపడని మూలకి మార్చాను. చెప్పే పని నాంచారమ్మకి అప్పజెప్పాను. ఆవిడ "ఇంకాస్త... ఇంకాస్తండీ" అంటుంటే ఆయన తువ్వాలు పళ్ళతో కరిచిపట్టి ఎత్తారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గీత ఎర్రగానే ఉంది. "ఇదీ నాకు కావాల్సిన ఎరుపు" అన్నాను.

ఆ రోజు నుంచి నిజం బొమ్మలు వచ్చాయి. కొన్నాళ్ళు అన్నీ ఎరుపే. ఒక్కోరోజు ముందుకి, ఒక్కోరోజు వెనక్కి. వారానికోసారి నేనే వెళ్ళి కొలిచాను. ఆయన నన్ను తిట్టుకునే ఉంటారు, తిట్టుకోనీ అనుకున్నాను. బంగినపల్లి కోతకొచ్చేసరికి పచ్చ గీత పడింది. తోటకి వెళ్ళి చూశాను. కోటయ్య గారు పళ్ళు బిగబట్టి చిక్కం పైకెత్తి, తొడిమతో సహా కాయని దింపారు. ముఠా ఆయన చేతిలోనే ఉంది.

కేసు ముగిసింది కదా అని, ఆ మొదటి నెల దొంగ గ్రాఫ్ తీసేద్దామని తెరిచాను. చెరిపెయ్యబోతూ ఆగిపోయాను. నాంచారమ్మ చెయ్యి బాగున్నదే అయితే, మొదటిరోజే తలపైకి లేవాలి. పచ్చ గీత పడాలి. భుజం ఎత్తు దగ్గర ఎందుకు ఆగింది? నెల పట్టి కొంచెం కొంచెంగా ఎందుకు పెరిగింది? నన్ను అన్నాళ్ళు నమ్మించింది అదే. ఆ గ్రాఫ్‌లో అబద్ధం ఏమీ లేదు, పేరు తప్ప.

ఫోన్ చేశాను. "నాంచారమ్మా, మీ కుడి చెయ్యి మొదట్లో లేచేది కాదా?"

"లేచేది కాదండీ. ట్రేలు నెత్తికెత్తుకుని ఎత్తుకుని ఎప్పుడో పట్టేసింది. జడ వేసుకోవాలంటే మెడ బాగా వంచేదాన్ని. ఇప్పుడు వంచక్కర్లేదండీ."

"ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

"ఆయనది విరిగిందండీ. నాది ఉత్తి నెప్పేగా."

ఆయన భుజాన్ని కొలవడానికి అన్నిసార్లు ఆ ఇంటికి వెళ్ళాను. పక్కనే నిలబడి "ఇంకాస్త" అని చెప్పిన మనిషి భుజం మీద ఒక్కసారీ చెయ్యి వెయ్యలేదు. ఆ గ్రాఫ్ చెరపలేదు. పేరు మార్చి, నాంచారమ్మ అని రాసి ఉంచాను.

ఇప్పుడు నా గదికి పేషెంటుని ఎవరు తీసుకొచ్చినా, ముందు వాళ్ళనే రెండు చేతులూ పైకెత్తమంటున్నాను.